ఏలూరు ఉన్ని తివాచీల నేత పిల్లలకు ఎక్కడ చూపించవచ్చు?

గోదావరి జిల్లాల్లో ఉన్ని నేత మ్యూజియం లాంటిదేమైనా ఉందా, సెలవుల్లో పిల్లల్ని తీసుకెళ్లాలి అని అడిగారు. మాది తాడేపల్లిగూడెం. మా అమ్మాయి ఏడో తరగతిలో ఉండగా ఇదే పని మీద రెండుసార్లు ఏలూరు వెళ్లొచ్చాం. అద్దాల బీరువాలో పెట్టిన తివాచీ కోసం తిరగకండి. నేరుగా ఏలూరులోని తంగెళ్లమూడి వెళ్లి, మగ్గం నడుస్తున్న ఇల్లు ఎక్కడో అడగండి. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఉంది కదా అని మాకూ ఒకరు చెప్పారు. అది ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ గారిది. తప్పకుండా చూడాల్సిందే గానీ అక్కడ మీకు నేత కనపడదు.

మొదటిసారి మేము శుక్రవారం మధ్యాహ్నం వెళ్లాం. తివాచీలు నేసేవాళ్లలో చాలామంది ముస్లిములు, నమాజు వేళ. మగ్గాలు ఖాళీగా ఉన్నాయి. పాప ఏడుపు మొహంతో రైలెక్కింది.

రెండోసారి మంగళవారం పొద్దున్నే వెళ్లాం. చీరల మగ్గంలా నేల మీద పరుచుకుని ఉండదు ఇది, గోడలా నిలబడి ఉంటుంది. పైనొక దుంగ, కిందొక దుంగ, మధ్యలో బిగించిన నూలు పడుగు, అంటే నిలువు పోగులు. దాని ముందు బల్ల మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉన్నారు. రెండు పోగులు పట్టి ఉన్ని చుట్టి, కిందికి గుంజి, కత్తితో తెగ్గోసేవారు. పాప ఫోన్లో స్లో మోషన్‌లో తీస్తే గానీ ముడి ఎలా పడుతోందో మాకు అర్థం కాలేదు. వరస పూర్తయ్యాక అడ్డంగా పేక దారం దూర్చి, ఇనప పళ్ల దువ్వెనలాంటి దానితో దించి కొట్టారు. అంతసేపు చేస్తే తివాచీ పెరిగింది బియ్యపు గింజ మందం.

"రా బేటీ, నువ్వూ ఒకటి వెయ్యి" అన్నారు. పాప వేసిన ముడి వదులైంది. ఆవిడ దాన్ని విప్పేయలేదు, వేలితో బిగించి కత్తిరించారు. "మామ్మగారూ, మొత్తం అయ్యేసరికి ఎన్నాళ్లు?" అని అడిగింది పాప. "ఇద్దరం కూర్చుంటే నెలలు పడుతుందమ్మా" అన్నారు.

దారిలో పాప ఇంకో ప్రశ్న వేసింది: ఈ ఉన్ని మన గొర్రెలదేనా? కాదు. కోస్తాలో మనం చూసే నెల్లూరు జాతి గొర్రెకు ఉండేది వెంట్రుకలే, దాన్ని పెంచేది మాంసానికి. అంటే ఉన్ని దొరకని చోట, చలి పెద్దగా తెలియని వరిచేల పక్కన ఉన్ని నేత నిలబడింది! నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించింది ఇదే. పర్షియా నుంచి వచ్చి స్థిరపడిన నేతగాళ్లు ఈ విద్య తెచ్చారంటారు. సరుకు ఎగుమతికి అప్పట్లో మచిలీపట్నం రేవు దగ్గర్లోనే ఉండేది. డచ్ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి దానియెల్ హవార్ట్ రాయగా 1693లో అచ్చయిన పుస్తకంలోనే ఏలూరు తివాచీల ప్రస్తావన ఉంది. డచ్చివాళ్లు ఓడల్లో తీసుకెళ్లిన దక్కన్ ప్రాంతపు తివాచీలు జపాన్‌లోని క్యోటోలో గియోన్ పండగ రథాలకు ఇప్పటికీ అలంకారం. కొనేవాళ్లు ఎప్పుడూ దూరదేశాల వాళ్లే. అందుకే మన ఇళ్లలో చాపలే గానీ ఏలూరు తివాచీ కనపడదు, పక్క ఊళ్లో ఉన్న మనకే దాని సంగతి తెలియదు.

మగ్గాలు ఏటికేడు తగ్గిపోతున్నాయి, కాబట్టి వచ్చే సెలవులకు వాయిదా వేయకండి. అది వాళ్ల ఇల్లు, ఫొటో తీసే ముందు అడగండి. పని ఆపి చూపిస్తే ఆ సమయానికి ఎంతో కొంత ఇచ్చి రండి, అది వాళ్ల కూలి. పది గంటలకల్లా చేరితే వెలుతురు మగ్గం మీద బాగా పడుతుంది, పిల్లలకు ముడి స్పష్టంగా కనిపిస్తుంది.