స్లైడ్‌లో అన్నీ ఒకేలా కనిపిస్తున్నాయని కోర్సు మానేయొద్దు

ప్రశ్న: కాకినాడలో బీఎస్సీ ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ) రెండో సంవత్సరం చదువుతున్నాను. మైక్రోస్కోప్‌లో బ్లడ్ స్మియర్ (గాజు స్లైడ్ మీద పలుచగా పూసిన రక్తం) చూస్తే నాకు అన్నీ ఒకేలా కనిపిస్తాయి. మా ల్యాబ్ సీనియర్ మేడం అలా చూసి ఇలా చెప్పేస్తారు. నాకు ఆ చూపు లేదేమోనని టెన్షన్‌గా ఉంది. కోర్సు మారమంటారా?

జవాబు: మారొద్దు. ఆ చూపు మీ మేడంకూ పుట్టుకతో రాలేదు.

అమెరికాలో ఇజబెల్ గోతియే, మైకేల్ టార్ అనే శాస్త్రవేత్తలు 1990ల్లో దీన్ని పరీక్షించి చూశారు. ఎవరూ ఎప్పుడూ చూడని, గ్రీబుల్స్ అనే వింత కంప్యూటర్ బొమ్మల్ని మనుషులకు చూపించారు. మొదట్లో అందరికీ అన్నీ ఒకేలా కనిపించేవి. కొన్ని గంటల శిక్షణ తర్వాత అదే మనుషులు, తెలిసినవాళ్ల ముఖం గుర్తుపట్టినంత సులువుగా ఏ గ్రీబుల్ ఏదో చెప్పగలిగారు.

అలాగని ఏళ్లు గడిస్తే చాలనుకోకండి. ఆస్ట్రేలియాలో పాస్‌పోర్ట్ అధికారులకు ముఖాలు పోల్చే పరీక్ష పెడితే, వాళ్లు మామూలు విద్యార్థుల కంటే మెరుగ్గా చేయలేదు. ఏళ్ల తరబడి అదే పనిలో ఉన్నవాళ్లకూ తప్పులు తగ్గలేదు. ఈ ఫలితాలు 2014లో వచ్చాయి. అలాంటి పనిలో పొరబడితే అక్కడికక్కడ చెప్పేవాళ్లు ఉండరు. తప్పో ఒప్పో తెలియకుండా ఎన్ని చూసినా చూపు పదునెక్కదు. కాబట్టి మీకు కావాల్సింది జవాబు తెలిసిన స్లైడ్లు.

మేడంను అడిగి, రిపోర్టు ఇచ్చేసిన పాత స్లైడ్లు రోజుకు కొన్ని తీసుకోండి. రిపోర్టు చూడకముందే మీ జవాబు నోట్‌బుక్‌లో రాయండి, తర్వాతే సరిచూసుకోండి. తప్పు పోయిన స్లైడ్‌ను వెంటనే మళ్లీ పెట్టి, 'ఎక్కడ చూసి చెప్పారు మేడం?' అని అడగండి. ఉదాహరణకు, ఎర్ర కణం మీద ప్లేట్‌లెట్ (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే చిన్న కణం) పడితే కొత్తవాళ్లు మలేరియా అనుకుంటారు. ప్లేట్‌లెట్ చుట్టూ తరచూ లేత వలయం ఉంటుంది. పైగా అది కణం మీద ఉంటుంది కాబట్టి ఫైన్ ఫోకస్ కాస్త తిప్పితే కణమూ అదీ ఒకేసారి స్పష్టంగా కనిపించవు. పరాన్నజీవి అయితే నీలం ఉంగరానికి ఎర్రటి చుక్క ఉంటుంది. మలేరియాలో రెండు రకాలైన వైవాక్స్, ఫాల్సిపారం స్లైడ్లను కూడా పక్కపక్కనే పెట్టుకుని చూడండి. వైవాక్స్ సోకిన కణం ఉబ్బి పెద్దదవుతుంది. ఫాల్సిపారంలో కణం సైజు మారదు, ఒకే కణంలో రెండు ఉంగరాలు కూడా కనిపించవచ్చు. విడివిడిగా చదివితే ఈ తేడాలు కంటికి ఎక్కవు.

జబ్బు స్లైడ్ల కంటే ముందు నార్మల్ స్లైడ్లు కంఠతా వచ్చినట్టు ఉండాలి. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ అనే బ్రిటిష్ డాక్టర్ దోమ పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టింది అలాగే. అప్పటికే ఎన్నో దోమల్ని కోసి చూసినవాడు కాబట్టి, నల్లటి రేణువులున్న ఆ గుండ్రటి కణం అక్కడ ఉండాల్సింది కాదని పట్టేశాడు. ఆ రేణువులు మలేరియా రోగుల రక్తంలో ఆయన చూసినవే.

రక్తకణాల్ని లెక్కపెట్టే సెల్ కౌంటర్ మెషిన్లు వచ్చాక ఈ నైపుణ్యంతో పనేముంటుందని ఎవరైనా భయపెడితే పట్టించుకోకండి. మెషిన్ అనుమానం చూపించిన శాంపిల్‌కు స్మియర్ వేసి మనిషే చూడాలి. పెద్ద ల్యాబుల్లో అది చూడగలిగినవాళ్లకు మంచి విలువ ఉంది. సైటాలజీ (కణాల పరీక్ష), హిస్టోపాథాలజీ (కణజాలం ముక్కల పరీక్ష) వైపు వెళ్లినా ఇదే చూపు పనికొస్తుంది.

అయితే ఈ వారమే కంటి డాక్టర్ దగ్గర రంగుల గుర్తింపు పరీక్ష చేయించుకోండి. స్టెయిన్ (స్లైడ్‌కు వేసే రంగు) రంగులు తేడాగా కనిపిస్తున్నాయంటే అది సాధన లోపం కాదు. అలా తేలితే నాకు మళ్లీ రాయండి, ఇదే కోర్సులో ఉంటూ బయోకెమిస్ట్రీ వైపు ఎలా వెళ్లాలో చూద్దాం.