ఫ్లెక్సీల కింద నారు పోసి చూశాను, అందుకే చెప్తున్నా

"పాత కిటికీలు, ప్లాస్టిక్ షీట్లతో ఇంటి దగ్గర చౌకగా గ్రీన్‌హౌస్ కట్టుకోవచ్చా, ఎవరైనా కట్టారా" అని అడిగారు. నేను కట్టాను. మేడ్చల్ దగ్గర మాకు అర ఎకరం ఉంది, అందులో ఒక మూల 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. కిటికీల మాట ఎత్తారంటే మీరూ ఆ విదేశీ వీడియోలు చూసే ఉంటారు. వాళ్ళకి మంచు పడుతుంది, ఉన్న కాస్త వేడినీ లోపల పట్టి ఉంచుకోవాలి, అందుకని అద్దాలు. మనకి వేడి కరువా? మేలో అద్దాల గది కడితే అందులో టమాటాలు కాయవు, వడియాలు ఎండుతాయి.

మా వైపు ఒకప్పుడు ద్రాక్షతోటలు ఎక్కువ. వాటిని కొట్టేసి ప్లాట్లు చేసేటప్పుడు పందిరి రాతి కడీలు (స్తంభాలు), జీఐ తీగ (జింకు పూత ఇనుప తీగ) అగ్గువకు వదిలించుకుంటారు. ఎనిమిది కడీలు తెచ్చి రెండడుగుల లోతున పాతాం. పాత స్ప్రింక్లర్ పైపులు కమానులా వంచి వాటికి కట్టాం. ఇక్కడిదాకా బాగానే ఉంది. పైకప్పు దగ్గరే తెలివి చూపించాను.

2018 డిసెంబర్. అసెంబ్లీ ఎన్నికలు అప్పుడే అయ్యాయి. ఊరినిండా ఫ్లెక్సీలే, అడిగితే ఊరికే ఇచ్చారు. తెల్ల వైపు పైకి, బొమ్మ లోపలికి వచ్చేలా నాలుగు పరిచాం. లోపలికెళ్ళి తలెత్తితే చేతులు జోడించిన పెద్దమనిషి నేరుగా మిరప నారు వైపే చూస్తూ నవ్వుతుంటాడు. 98 గుంతల ట్రేలు పది పెట్టాను. నాలుగు వారాలకి మొలకలు వెలుతురు కోసం సాగి సాగి దారప్పోగుల్లా తయారయ్యాయి. ఆకు పాలిపోయింది. ఒకరోజు పొద్దున చూస్తే మొదలు దగ్గర గోధుమరంగు తిరిగి వరసకి వరస ఒరిగిపోయి ఉంది. నారుకుళ్ళు. లోపల గాలి ఆడదు, తడి ఆరదు, ఇంకేమవుతుంది! మా అమ్మ గడప దగ్గర నిలబడి, "ఈ లొల్లంతా ఎందుకురా, వేపచెట్టు కింద మడి చేస్తే కాదా" అంది. నిజం చెప్పాలంటే ఆ మాటకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

అయినా ఊరుకున్నానా? ఫిబ్రవరిలో ఫ్లెక్సీలు తీసేసి పాలిథిన్ షీటు వేశాను. పాలీహౌస్‌కి, అంటే ప్లాస్టిక్ కప్పిన పెద్ద గ్రీన్‌హౌస్‌కి వేసే, ఎండకి తట్టుకునే 200 మైక్రాన్ల మందం యూవీ షీటు కాదు, సామాన్లు ప్యాక్ చేసే రకం. మార్చిలో ఒక మధ్యాహ్నం లోపల వేలాడదీసిన థర్మామీటరు 48 డిగ్రీలు చూపించింది. టమాటా పూత మొత్తం రాలిపోయింది. ఏప్రిల్లో గాలిదుమారం వచ్చి షీటుని పక్కవాళ్ళ బర్రెల మీద పడేసింది. అవి తాళ్ళు తెంపుకుని పోతే సాయంత్రం దాకా నేనూ వెతికాను. కడీలు మాత్రం ఒక్క అంగుళం కదల్లేదు.

ఇప్పుడున్నది వల. అపార్ట్‌మెంట్లు కట్టేటప్పుడు చుట్టూ కడతారే, ఆ పచ్చ వల. ఒక బిల్డింగ్ పని అయిపోయాక వాచ్‌మన్‌కి 500 ఇచ్చి తెచ్చుకున్నాను. సిమెంటు మరకలు సర్ఫు పెట్టి ఉతకడానికి రెండు రోజులు పట్టింది. ఎండ తగ్గింది, గాలి ఆడుతోంది, వాన నీళ్ళు నిలబడవు. పక్కలకి మాత్రం పాత దోమతెరలు కట్టి మళ్ళీ మోసపోయాను. తెల్లదోమ, అంటే ఆకుల రసం పీల్చే సన్న పురుగు, వాటిలోంచి దర్జాగా దూరుతుంది, వెంట ఆకుముడత వైరస్ తెస్తుంది. 40 మెష్ (అంగుళానికి 40 కన్నాలుండే) పురుగుల వల కొత్తది కొనాల్సిందే. అక్కడ కక్కుర్తి పడకండి. కడీలు, తీగ, పైపులు ఎంత పాతవైనా పర్వాలేదు.

ఇక గ్రీన్‌హౌస్ అంటే లక్షలే అని భయపెట్టేవాళ్ళున్నారు. మన హైదరాబాద్ సంస్థే, ఖేతీ, చిన్న రైతు కోసం తక్కువ ఖర్చు గ్రీన్‌హౌస్ చేసి 2022లో ఎర్త్‌షాట్ ప్రైజ్ అనే అంతర్జాతీయ పర్యావరణ బహుమతి గెలిచింది. ఎండనీ పురుగునీ ఆపడమే దాని ముఖ్యమైన పని. ఇది నాకు ముందే తెలిసుంటే బర్రెల గోల తప్పేది. పాలీహౌస్‌కి తెలంగాణ వచ్చిన కొత్తలో 75 శాతం సబ్సిడీ ఇచ్చారు గానీ మన 20 అడుగుల ముచ్చటకి అది దేనికి?

డాబా మీద కట్టే ఆలోచన ఉంటే కడీలు వద్దు, స్లాబు మీద అంత బరువు పెట్టకండి, వెదురు చాలు. నేల మీదైతే కడీలే తెచ్చుకోండి, కానీ ట్రాలీ ఆటోలో కాదు, ట్రాక్టర్ మాట్లాడుకోండి. నేను ఎనిమిదీ ఒకే ట్రిప్పులో ఆటోకెక్కించాను. దారిలో యాక్సిల్ విరిగింది. ఆ రిపేరు బిల్లు కలుపుకుంటే నా గ్రీన్‌హౌస్ చవకేమీ కాదు.