పాత బిల్లింగ్ ప్రోగ్రామ్‌లో ఓసీఎక్స్ ఎర్రర్‌కి సమాధానం
విండోస్ 11లో మీ పాత బిల్లింగ్ ప్రోగ్రామ్ తెరవగానే ‘ఎంఎస్‌కామ్‌సీటీఎల్ ఓసీఎక్స్ రిజిస్టర్ కాలేదు’ అని వస్తోందన్నారు కదండీ. కంగారుపడకండి, కంప్యూటర్ పాడవలేదు. ఆ ఎంఎస్‌కామ్‌సీటీఎల్ ఓసీఎక్స్ (MSCOMCTL.OCX) అనేది విజువల్ బేసిక్ 6 అనే పాత ప్రోగ్రామింగ్ సాధనం కాలం నాటి ఫైలు. ఆ సాధనంతో చేసిన ప్రోగ్రామ్‌లు నడవడానికి కావలసిన రన్‌టైమ్ విండోస్‌తోనే వస్తుంది గానీ ఈ ఫైలు రాదు.

పాత కంప్యూటర్ నుంచో, ప్రోగ్రామ్ సీడీ నుంచో ఆ ఫైలు తెచ్చి విండోస్ ఫోల్డర్‌లోని సిస్‌వావ్64 (SysWOW64) ఫోల్డర్‌లో పెట్టండి. సిస్టమ్32లో కాదు, చాలామంది పొరబడేది ఇక్కడే. పేరు తిరగబడినట్టు అనిపించినా, 64 బిట్ విండోస్‌లో 32 బిట్ ఫైళ్ల చోటు సిస్‌వావ్64నే. తర్వాత ఆ ఫైలుని రిజిస్టర్ చేయడానికి, కమాండ్ ప్రాంప్ట్‌ని (ఆదేశాలు టైపు చేసే కిటికీ) అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఆ ఫోల్డర్‌లోకి వెళ్లి, రెగ్‌ఎస్‌వీఆర్32 (regsvr32) అని కొట్టి పక్కన ఫైలు పేరివ్వండి.

ఇలాంటి ఫైళ్లు ఉచితంగా ఇస్తామనే సైట్ల జోలికి మాత్రం దయచేసి వెళ్లకండి. షాపు లెక్కలన్నీ ఆ బిల్లింగ్ ప్రోగ్రామ్‌లోనే ఉన్నాయి కాబట్టి, ఇవన్నీ చేసే ముందుగా దాని డేటా ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి.