టీచర్లకు టెక్నాలజీ నేర్పడం కూడా ఉద్యోగమే

ప్రశ్న: ఎంపీసీఎస్‌తో బీఎస్సీ, ఆ తర్వాత బీఈడీ చేశాను. రెండేళ్లుగా తెనాలి దగ్గర ఒక ప్రైవేటు హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాను. మా స్కూల్లో డిజిటల్ బోర్డులు పెట్టాక సీనియర్ టీచర్లంతా సాయానికి నన్నే పిలుస్తున్నారు. నాకూ ఆ పని చాలా ఇష్టంగా ఉంది. దీన్నే ఉద్యోగంగా చేసుకోవచ్చా? నాన్న మాత్రం ‘ముందు డీఎస్సీ సంగతి చూడు’ అంటున్నారు.
– ఒక టీచర్, గుంటూరు జిల్లా

జవాబు: చేసుకోవచ్చమ్మా. అలాగని మీ నాన్నగారి మాటను తీసిపారేయకండి. ఆయన చెప్పేదీ, మీరు కోరుకునేదీ ఒకే దారిలో ఉన్నాయి. దాని గురించి చెప్పేముందు, ఈ పని ఎలా ఉంటుందో నేను కళ్లారా చూసింది చెప్తాను.

కొన్నేళ్ల కిందట ఒక హైస్కూలుకు పదో తరగతి పిల్లలతో మాట్లాడటానికి వెళ్లాను. పక్కనే తొమ్మిదో తరగతి గదిలో గోడకు పెద్ద ఐఎఫ్‌పీ ప్యానెల్ (వేలితో తాకి నడిపే డిజిటల్ బోర్డు) ఉంది, దాని మీద పాత దుప్పటి కప్పి ఉంది. దుమ్ము పడకుండా అన్నారు. లెక్కల మాస్టారికి యాభై దాటాయి. ప్యానెల్ ఆన్ చేయాల్సి వస్తే ముందు బెంచీ కుర్రాణ్ని పిలుస్తారట. ఆ రోజు స్కూల్లో కొత్తగా చేరిన ఒక టీచరమ్మ ఆయన పక్కన కూర్చుని, ‘రేపు ఏం పాఠం సార్?’ అని అడిగింది. వృత్తాలు అన్నారాయన. ఆవిడ జియోజీబ్రా అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఒక వృత్తం గీసి, వ్యాసం గీసి, వ్యాసం రెండు చివరల నుంచి వృత్తం మీద ఒక బిందువుకు గీతలు కలిపింది. తర్వాత రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ‘ఆ బిందువును మీరు లాగండి సార్’ అంది. ఆయన వేలితో లాగారు. బిందువు పైకి పోయినా, పక్కకు పోయినా కోణం 90 దగ్గర కదల్లేదు. ‘ఎటు లాగినా తొంభయ్యే!’ అన్నారు. అర్ధవృత్తంలో కోణం లంబకోణమని ఆయన ఎన్నో ఏళ్లుగా నల్లబల్ల మీద నిరూపిస్తూనే ఉన్నారు. అది తన వేలి కింద కదలడం మాత్రం అదే మొదటిసారి. మర్నాడు ఆ కుర్రాణ్ని పిలవలేదని తర్వాత తెలిసింది.

ఆ టీచరమ్మ సాఫ్ట్‌వేర్ పేరుతో మొదలుపెట్టలేదు, పాఠంతో మొదలుపెట్టింది. తను చేసి చూపించి ఊరుకోలేదు, ఆయన చేత చేయించింది. పెద్ద టీచర్లకు టెక్నాలజీ అంటే ఉండే టెన్షన్ మెషీన్ గురించి కాదు. ముప్పై ఏళ్లు మర్యాదగా నిలబడిన క్లాసులో, పిల్లల ముందు తడబడతామేమోనని. ఆ మర్యాద పోకుండా నేర్పగలిగినవాళ్లే ఈ పనికి పనికొస్తారు. ఒక హాల్లో యాభై మందిని కూర్చోబెట్టి, సాయంత్రంలోపు పది యాప్‌లు చూపించి సర్టిఫికెట్లు పంచితే, వాళ్లు మళ్లీ స్కూలుకెళ్లి దుప్పటే కప్పుతారు. 2006లో పున్య మిశ్రా, మాథ్యూ కోలర్ ప్రతిపాదించిన టీపాక్ అనే బోధనా నమూనా గురించి బీఈడీలో చదివే ఉంటారు. సబ్జెక్టు, బోధన, టెక్నాలజీ మూడూ కలిస్తేనే పాఠం అంటుంది అది. ఆ టీచరమ్మ చేసింది అదే.

ఇక డీఎస్సీ. రాయండి, గట్టిగా రాయండి. 2025 మెగా డీఎస్సీలో ఏపీ 16,347 పోస్టులు ఇచ్చింది. ఆ స్థాయి నోటిఫికేషన్లు తరచూ రావు కాబట్టి ఇప్పటినుంచే టెట్ స్కోరు పెంచుకోండి, దానికి 20 శాతం వెయిటేజీ ఉంది. లెక్కల స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు మీకు అర్హత ఉంది. ప్రభుత్వ బడుల్లో నాడు–నేడు కింద ప్యానెళ్లు వచ్చాయి, కానీ పక్కన కూర్చుని నేర్పే మనుషులు అన్ని బళ్లలో లేరు. టీచర్లకు శిక్షణ ఇచ్చే ప్రభుత్వ సంస్థలు ఎస్‌సీఈఆర్‌టీ (రాష్ట్ర స్థాయి), డైట్ (జిల్లా స్థాయి) రిసోర్స్ పర్సన్లను, అంటే శిక్షణ ఇచ్చేవాళ్లను, తీసుకునేది ఎక్కువగా పనిచేస్తున్న టీచర్లలోంచే. ప్రభుత్వ డిజిటల్ పాఠాలుండే దీక్షా పోర్టల్‌కు పాఠాల తయారీలోనూ టీచర్లే ఉంటారు. యాభై మంది పిల్లల క్లాసును రోజూ నడిపినవాళ్లు చెబితేనే తోటి టీచర్లు చెవిన పెడతారు. ఇది నేను చాలా స్కూళ్లలో చూశాను.

డీఎస్సీ రాకపోతే దారి మూసుకుపోదు. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లోని పెద్ద స్కూళ్లు ఐసీటీ కోఆర్డినేటర్లను, అంటే స్కూల్లో టెక్నాలజీ వాడకం చూసుకునేవాళ్లను పెట్టుకుంటున్నాయి. విద్యారంగంలో పనిచేసే స్వచ్ఛంద సంస్థలు టీచర్ ట్రైనర్లను తీసుకుంటాయి. ఎడ్‌టెక్ కంపెనీలూ పిలుస్తాయి. ఇక్కడ మాత్రం జాగ్రత్త. ఇంటర్వ్యూలో ఒక్క ప్రశ్న అడగండి: ‘శిక్షణ ఇచ్చిన స్కూలుకు నెల తర్వాత మళ్లీ వెళ్తామా?’ లేదంటే అది ట్రైనర్ ఉద్యోగం కాదు, బోర్డులు అమ్మే ఉద్యోగం. మీకున్న ఇష్టం అక్కడ ఏడాదిలో చచ్చిపోతుంది.

చదువు విషయానికొస్తే, ఉద్యోగం చేస్తూనే ఇగ్నోలో ఎడ్యుకేషనల్ టెక్నాలజీ పీజీ డిప్లొమా చూడండి. పరిశోధన వైపు మనసు పోతే ఐఐటీ బాంబేలో ఈ సబ్జెక్టులో పీహెచ్‌డీ ఉంది. గూగుల్ సర్టిఫైడ్ ఎడ్యుకేటర్ లాంటివి రెజ్యూమేలో ఒక లైను, అంతకంటే ఎక్కువ ఆశించకండి.

నేర్చుకునే టూల్స్ మన బళ్లకు సరిపోయేవి కావాలి. నెట్ ఉండదు, కరెంటు పోతుంది, పిల్లల దగ్గర ఫోన్లు ఉండవు. కొలరాడో యూనివర్సిటీలో 2002లో మొదలైన ఫెట్ సిమ్యులేషన్లు (తెర మీద చేసి చూసే సైన్స్, లెక్కల ప్రయోగాలు) డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకుండా నడుస్తాయి. ప్లికర్స్ అనే యాప్‌లో పిల్లలు అట్ట కార్డు పైకెత్తితే చాలు, టీచర్ ఒక్క ఫోనుతో క్లాసు మొత్తం జవాబులు తీసుకోవచ్చు. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ వీడియోను స్టాఫ్ రూమ్‌లోనే దింపుకుని తీసుకెళ్లే అలవాటు చేయించండి, సగం ఇబ్బందులు పోతాయి.

ఇవాళే ఒక నోటుబుక్ పెట్టండి. ఎవరికి, ఏ పాఠంలో సాయం చేశారు, రెండు వారాల తర్వాత ఆ టీచర్ మీరు లేకుండా వాడారా లేదా రాసుకోండి. వాడలేదంటే ఎందుకో కూడా రాయండి. రేపు ఏ ఇంటర్వ్యూలోనైనా సర్టిఫికెట్ల కన్నా ఆ నోటుబుక్కే మీ తరఫున మాట్లాడుతుంది. నాన్నగారికీ అదే చూపించండి.

మొదటి పేజీకి, మిమ్మల్ని ఇప్పటికే పిలుస్తున్న టీచర్లను కాకుండా ఇంతవరకు ఒక్కసారి కూడా పిలవని టీచర్ను ఎంచుకోండి. ఆవిడ అనుమతి తీసుకుని ఒక పీరియడ్ వెనక బెంచీలో కూర్చుని పాఠం వినండి. ఆ రోజు మీ ఫోను బ్యాగులోనే ఉండనివ్వండి.