లండన్‌లో చదువుకునే రోజుల్లో తిరిగిన మూల పబ్‌కి మళ్ళీ వెళ్తే...

"లండన్ వీధి మూలల్లో ఉండే పాత పబ్బులు ఇంకా అలాగే ఉన్నాయా? చదువుకునే రోజుల్లో వెళ్ళిన చోటికి మళ్ళీ వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి" అని అడిగారు. నేను వెళ్ళాను. 2009లో చూసిన పబ్‌కి 2024 జూన్‌లో మళ్ళీ వెళ్ళాను. లండన్ మొత్తం గురించి చెప్పేంత తిరుగుడు నాకు లేదు, ఆ ఒక్క పబ్ గురించే చెబుతాను.

తూర్పు లండన్‌లో గ్రీన్ స్ట్రీట్, బార్కింగ్ రోడ్డు కలిసే మూలన ఉంటుంది. పేరు బొలీన్. 1900 ప్రాంతంలో కట్టిన పెద్ద ఎర్ర ఇటుకల భవనం. గ్రీన్ స్ట్రీట్ అంటే అక్కడ చదివిన తెలుగువాళ్ళకి ఇంకేం చెప్పక్కర్లేదు. అప్టన్ పార్క్ స్టేషన్ దిగి బయటికి రాగానే చీరల షాపులు, బంగారం కొట్లు, క్వీన్స్ మార్కెట్‌లో బెండకాయలు, మునక్కాడలు. 2009 మార్చిలో స్టూడెంట్ వీసా పద్ధతి మార్చారు, ఆ ఊపులో వచ్చిన బ్యాచ్ మాది. మూడు బెడ్‌రూముల ఇంట్లో ఎనిమిది మందిమి. వారానికి 20 గంటలు పని, పౌండుకి 75 రూపాయల లెక్క, ఏది కొన్నా మనసులో గుణించుకోవడం.

అప్పటికి పబ్ అంటే నా ఊహ వేరు. మనకి పబ్ అంటే జూబ్లీహిల్స్, చీకటి, డీజే, గేటు దగ్గర బౌన్సర్. ఇక్కడేమో మధ్యాహ్నం మూడింటికి ఒక ముసలాయన పేపర్ చదువుకుంటూ కూర్చున్నాడు, కాళ్ళ దగ్గర కుక్క నిద్రపోతోంది. మా రూమ్‌లో ఉండే కరీంనగర్ అన్న నన్ను తీసుకెళ్ళాడు. ఇద్దరం టేబుల్ దగ్గర కూర్చుని ఇరవై నిమిషాలు ఎదురుచూశాం, ఎవరైనా వచ్చి ఆర్డర్ తీసుకుంటారని. ఎవరూ రారు. పబ్‌లో మనమే కౌంటర్ దగ్గరికి వెళ్ళాలి. అక్కడ లైను కూడా ఉండదు, కానీ ఎవరి తర్వాత ఎవరో అందరికీ తెలుసు! అన్న వెళ్ళి చెయ్యి ఊపాడు, ఆర్టీసీ బస్సు ఆపినట్టు. ఆ పేపర్ పెద్దాయన తల ఎత్తకుండానే, "చెయ్యి దించు బాబూ, మోచెయ్యి కౌంటర్ మీద పెట్టి నిలబడు, చాలు" అన్నాడు. నిజంగానే రెండు నిమిషాల్లో మా వంతు వచ్చింది.

అన్న "కూలింగ్ ఉన్నది ఇయ్యమను తమ్మీ" అన్నాడు. చేత్తో లాగే పంపుల్లోంచి వచ్చే వాళ్ళ ఏల్ బీరు నేలమాళిగ చల్లదనంలోనే ఉంటుంది, పన్నెండు డిగ్రీలు అటూ ఇటూ. మనకి అది చల్లారిన టీలా తగులుతుంది. అన్న ఒక గుక్క తాగి నా వంక చూసిన చూపు నాకింకా గుర్తే. నేను అప్పట్లో తాగేవాణ్ణి కాదు, లైమ్ సోడా తీసుకున్నాను. ఎవరూ వింతగా చూడలేదు. చిప్స్ ప్యాకెట్ కొంటే ఆ పెద్దాయనే దాన్ని పక్కనుంచి నిలువుగా చింపి, వెండి రంగు లోపలి వైపు పళ్ళెంలా పరిచి టేబుల్ మధ్యలో పెట్టాడు. అందరూ అందులోంచే తినాలి. పొడుగ్గా పట్టుకుని ఒక్కడే తింటే పిసినారి కింద లెక్కట.

ఇదంతా మామూలు రోజుల సంగతి. మ్యాచ్ రోజు ఆ మూలకి మేము వెళ్ళేవాళ్ళం కాదు.

వెస్ట్‌హామ్ ఫుట్‌బాల్ క్లబ్ స్టేడియం అక్కడికి రెండు నిమిషాల నడక. 1904 నుంచీ వాళ్ళ సొంత గడ్డ. ముప్పై అయిదు వేల మంది పట్టే స్టేడియం, ఆట మొదలయ్యే ముందు వాళ్ళలో సగం మంది ఆ నాలుగు రోడ్ల కూడలిలోనే ఉన్నారా అనిపించేది. ఎదురుగా 1966 ప్రపంచకప్ ఎత్తిపట్టుకున్న బాబీ మూర్ విగ్రహం, చుట్టూ ముదురు ఎరుపు, లేత నీలం చొక్కాలు, గుర్రాల మీద పోలీసులు, పబ్ లోపల నుంచి పేవ్‌మెంట్ దాకా గ్లాసులతో జనం, అందరూ కలిసి క్లబ్ పాట. నన్ను ఎవరూ ఏమీ అనలేదు, ఆ మాట కచ్చితంగా చెప్పాలి. కానీ కూరగాయల సంచీతో ఆ గుంపులోంచి నడిచేటప్పుడు లోపల టెన్షన్ ఉండేది. పక్క వీధిలోంచి చుట్టు తిరిగి ఇంటికి పోయేవాళ్ళం.

ఆ పెద్దాయన కుటుంబం ఎప్పుడో ఎసెక్స్ వైపు వెళ్ళిపోయింది. ఆ ఏరియా పాత తెల్ల కుటుంబాలు చాలామటుకు అటే వెళ్ళాయి. కానీ వాళ్ళకి శనివారం మ్యాచ్ ఉంది కాబట్టి పుట్టిన వీధికి తిరిగొచ్చేవాళ్ళు, పబ్‌లో కలిసేవాళ్ళు, ఆట చూసి రైలెక్కేవాళ్ళు. మనవాళ్ళు సంక్రాంతికి ఊరెళ్ళినట్టు, కాకపోతే రెండు వారాలకోసారి. ఈయన మాత్రం మ్యాచ్ లేని రోజుల్లోనూ వచ్చేవాడు.

నేను 2011లో వచ్చేశాను. 2012 ఏప్రిల్‌లో చదువయ్యాక ఉద్యోగం చేసుకునే వీసా కూడా ఆపేశారు, మా ఇంట్లో మిగిలినవాళ్ళు కూడా చెల్లాచెదురయ్యారు. 2016 మే 10న ఆ స్టేడియంలో ఆఖరి మ్యాచ్. హైదరాబాద్‌లో అర్ధరాత్రి పన్నెండుంబావుకి టీవీ ముందు కూర్చున్నాను. మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాళ్ళ బస్సు మీద సీసాలు విసిరారు, అందుకని 45 నిమిషాలు ఆలస్యంగా మొదలైంది. వెస్ట్‌హామ్ 3-2తో గెలిచింది. నేను ఆట కంటే ఎక్కువగా, మధ్యమధ్యలో చూపించే ఆ వీధినే చూశాను. తర్వాత క్లబ్ ఒలింపిక్ స్టేడియానికి వెళ్ళిపోయింది, పాతదాన్ని కూలగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టారు.

ఇక 2024. మా అక్క కొడుకు ఈస్ట్‌హామ్‌లో ఉంటున్నాడు, మాస్టర్స్ అయ్యి గ్రాడ్యుయేట్ వీసా మీద ఉన్నాడు. అది 2021లో మొదలుపెట్టారు, అంటే మాకు మూసిన తలుపు వీళ్ళకి మళ్ళీ తెరిచారన్నమాట. వాడు ఏడాదిన్నరగా ఆ పబ్ ముందు నుంచే బస్సులో వెళ్తున్నాడు, ఒక్కసారీ లోపలికి వెళ్ళలేదు. "పబ్‌కా, మావయ్యా? అమ్మకి తెలిస్తే?" అన్నాడు. లైమ్ సోడా తాగుదువుగాని రారా అని తీసుకెళ్ళాను.

లోపలికి అడుగుపెట్టగానే తప్పు చోటికి వచ్చానేమో అనుకున్నాను. నా జ్ఞాపకంలో ఉన్నది ఒక పెద్ద హాలు. ఇప్పుడు చెక్క, అద్దాల తెరలు పెట్టి చిన్న చిన్న గదుల్లా చేశారు. 2021లో బాగుచేసి మళ్ళీ తెరిచారట. అద్దాల మీద చెక్కిన పూలతీగలు, వెనక పాత బిలియర్డ్స్ గది పైన రంగుటద్దాల కప్పు. జూన్ ఎండ ఆ అద్దంలోంచి దిగి మా టేబుల్ మీద పసుపు, ఆకుపచ్చ మచ్చలుగా పడుతోంది. మావాడు మొహం పైకెత్తి ఫోన్లో ఫోటోలు తీస్తూనే ఉన్నాడు. "మ్యూజియంలా ఉంది మావయ్యా" అన్నాడు.

ఆ తెరలు కొత్త డిజైన్ కాదు, పాత పద్ధతే. విక్టోరియా కాలంలో వీధి మూల స్థలం పబ్‌కి దక్కడం మామూలు. రెండు వీధుల్లోంచీ కనిపిస్తుంది, రెండు వైపులా తలుపులు పెట్టుకోవచ్చు. ఒక తలుపు కూలివాళ్ళ 'పబ్లిక్ బార్'కి, అక్కడ ఉత్త చెక్క నేల. ఇంకో తలుపు 'సెలూన్ బార్'కి, అక్కడ తివాచీ, అదే బీరు కాస్త ఎక్కువ ధర. మేస్త్రీ, కూలీ ఒకే కప్పు కింద తాగుతారు గానీ ఒకరి మొహం ఒకరు చూసుకోరు. మన పాత సినిమా హాళ్ళలో నేల, బెంచీ, కుర్చీ టికెట్లు ఉండేవే, అలా. 1960లు, 70ల్లో చాలా పబ్బుల్లో ఆ గోడలు తీసేసి ఒక్క హాలు చేశారు. నేను చూసి 'పాత పబ్' అని మనసులో పెట్టుకున్నది నిజానికి ఆ మార్పు తర్వాత రూపం. ఇప్పుడున్నదే దాని అసలు రూపానికి దగ్గర. అంటే నా జ్ఞాపకం కంటే పబ్ ఇప్పుడు ముసలిదైంది. విచిత్రంగా లేదూ?

బాగుచేసిన పని గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు, చాలా శ్రద్ధగా చేశారు. పింట్, అంటే పెద్ద గ్లాసు బీరు, ఆరు పౌండ్లు దాటింది. నా రోజుల్లో మూడు పౌండ్ల లోపే ఉండేది, కానీ ధరలు ఎక్కడ పెరగలేదు? జనమే మారారు. ఒక టేబుల్ దగ్గర లాప్‌టాప్, ఒక దగ్గర చంటిబిడ్డతో జంట, ఒక చోట మన ఉత్తరాది అమ్మాయిలు నలుగురు పుట్టినరోజు కేకు కోస్తున్నారు. మేం కౌంటర్ దగ్గర నిలబడితే ఎవరూ తిరిగి చూడలేదు. శనివారం సాయంత్రం అది. 2009లో అయితే మ్యాచ్ ఉన్న శనివారం నేను చుట్టు తిరిగి పోయే మూల.

ఇక్కడే నాకు కొంచెం ఇబ్బందిగా అనిపించింది. నేనక్కడ అంత హాయిగా కూర్చోగలిగానంటే, ఎసెక్స్ నుంచి వచ్చేవాళ్ళు ఇక రావడం లేదు కాబట్టి. నాకు భయం పోవడానికి, వాళ్ళ ఊరు పోవడానికి కారణం ఒకటే. అందుకు సంతోషించాలో బాధపడాలో తేల్చుకోలేకపోయాను. పెద్దాయన గురించి కౌంటర్ అమ్మాయిని అడుగుదామనుకున్నాను. పేరు కూడా తెలియదు, కుక్క ఉండేదని చెప్పి ఏమని అడుగుతాను? ఊరుకున్నాను.

మీ ప్రశ్నలో మొదటి సగానికి, అంటే మిగతా మూల పబ్బులు ఏమయ్యాయి అన్నదానికి: చాలావరకు పోతున్నాయి. 2000లో బ్రిటన్‌లో 60 వేల పైచిలుకు పబ్బులుండేవి, 2024 నాటికి 45 వేల దగ్గర. సూపర్‌మార్కెట్‌లో బీరు చవక, 2007 జూలై నుంచి ఇంగ్లండ్‌లో పబ్ లోపల సిగరెట్ నిషేధం, 2020లో కోవిడ్ మూసివేతలు, వీటన్నిటి కంటే ముఖ్యంగా లండన్‌లో మూల స్థలం ధర. పబ్‌గా నడిపేకన్నా ఫ్లాట్లు చేసి అమ్మితే లాభం. ఒక్క సంగతి మాత్రం వినడానికి బాగుంటుంది. కిల్బర్న్ దగ్గర కార్ల్‌టన్ టావెర్న్ అనే పబ్‌ని 2015లో అనుమతి లేకుండా కూలగొట్టేశారు. కౌన్సిల్ ఊరుకోలేదు, ఉన్నదున్నట్టు మళ్ళీ కట్టమంది. కట్టారు, 2021లో తెరిచారు కూడా. మన దగ్గర చెరువు పూడ్చినవాడితో మళ్ళీ చెరువు తవ్విస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి!

ఆ రాత్రి మావాడి గదికి భోజనానికి వెళ్ళాను. రెండు వీధుల మూల మీద ఇల్లు, మూలని ఏటవాలుగా కోసినట్టు అక్కడ ఒక తలుపు, కిటికీల కింద దాకా ముదురాకుపచ్చ పింగాణీ పలకలు, పైన బోర్డు లేని ఇనుప కొక్కెం. చూడగానే అర్థమైంది. "ఏరా, ఇది పబ్ కదూ?" అన్నాను. వాడికి తెలియదు, కింద ఆరుగురు, పైన ఆరుగురు అద్దెకి ఉంటున్నారని మాత్రం తెలుసు. వంటింటి కిటికీకి పాత పాలరంగు అద్దం అలాగే ఉంది. దాని ముందు గట్టు మీద రైస్ కుక్కర్ పెట్టారు. కుక్కర్ జరిపితే అద్దం మీద వంపు తిరిగిన అక్షరాలు బయటపడ్డాయి, లోపలి నుంచి తిరగబడి: సెలూన్ బార్.

"అయితే మాది ఖరీదైన వైపన్నమాట" అన్నాడు మావాడు, కుక్కర్ మళ్ళీ అక్కడే పెడుతూ.