టరిటెల్లా అగేట్‌లో ఉన్నది సముద్రపు నత్త కాదు

నత్త గుల్లలు నిండిన 'టరిటెల్లా అగేట్' రాయి మీ దగ్గర ఉండి, అది ఏ కాలానిదో సముద్రపు నత్తల పట్టికల్లో దొరక్కపోతే, కారణం ఆ పేరే: టరిటెల్లా అంటే ఒక సముద్రపు నత్త. కానీ అమెరికాలోని వ్యోమింగ్‌లో దొరికే ఈ రాయిలో ఉండేది ఎలీమియా టెనెరా, మంచినీటి నత్త. పాత పొరపాటు పేరు వ్యాపారంలో అలాగే ఉండిపోయింది.

1. ముందు రాయి ఏ పొరలోదో అమ్మినవాళ్లని అడగండి. అందరూ వదిలేసేది ఇదే. టరిటెల్లాలు క్రెటేషియస్ (డైనోసార్ల చివరి యుగం) నుంచి ఇప్పటిదాకా ఉన్నాయి, కాబట్టి ఆ పేరొక్కటే కాలం చెప్పదు. వ్యోమింగ్‌లోని గ్రీన్ రివర్ అనే రాతి పొర అయితే ఈయోసీన్ యుగం, అంటే సుమారు 5 కోట్ల ఏళ్ల కిందటి గోసియూట్ అనే సరస్సులోది.

2. లెన్స్‌తో గుల్ల చూడండి. చుట్టూ తిరిగే గీతలు మాత్రమే ఉంటే టరిటెల్లా కావచ్చు. వాటిని దాటుతూ నిలువు గట్లు కూడా ఉంటే ఎలీమియా. పాలిష్ చేసిన వైపు ఇది తెలియదు, విరిగిన అంచున వెతకండి.

3. ఈయోసీన్ సముద్రపు నత్తే కావాలంటే ఫ్రాన్స్‌లోని పారిస్ బేసిన్ ప్రాంతంలో దొరికే కాంపనీలే జైగాంటియం చూడండి. 40 సెం.మీ. దాటి పెరిగేది, అద్భుతంగా ఉంటుంది!