నంబరు తాళం పెట్టించే ముందు తలుపు సంగతి చూడు

చిరంజీవి మురళికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

కాకినాడ ఇంటి వీధి తలుపుకు అంకెలు నొక్కితే తెరుచుకునే తాళం పెట్టించాలని నువ్వు అనుకుంటున్నట్టు మీ నాన్న ఫోనులో చెప్పాడు. మంచి ఆలోచనే. చేతిలో కూరల సంచులతో గుమ్మం ముందు నిలబడి తాళంచెవి కోసం వెతుక్కునే అవస్థ మీ అమ్మకు తప్పుతుంది. అయితే ఇన్నేళ్లుగా తలుపుల పనిలో ఉన్నవాడిగా నేను గమనించినదేమిటంటే, ఈ తాళాల మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం తాళంలో కాక తలుపులోనే ఉంటుంది. అందుకే ఏ కంపెనీది కొనాలా అని చూసే ముందు తలుపు సంగతి చూడమని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీది పాత టేకు తలుపు. వానాకాలపు తేమకు చెక్క ఉబ్బుతుంది, ఎండాకాలంలో మళ్లీ తగ్గుతుంది. చేత్తో తాళం వేసేటప్పుడు తలుపును కాస్త ముందుకు లాగో, భుజంతో నెట్టో మనకు తెలియకుండానే సర్దుకుంటాం గానీ, తాళంలోని చిన్న మోటారు ఆ పని చేయలేదు. గడియ ద్వారబంధానికి ఒరుసుకున్న ప్రతిసారీ అది ఎక్కువ కరెంటు లాగుతుంది. బ్యాటరీలు ముందే అయిపోతాయి. చివరికి గడియ సగంలో ఆగిపోయి తాళం బీప్‌మని మొత్తుకుంటుంది. కాబట్టి మొదట మడతబందుల స్క్రూలు బిగించి, తలుపు కిందికి వాలిందేమో చూసి, రాసుకుంటున్న చోట చిత్రిక పట్టించు. ఆ అంచుకు అదే రోజున వార్నిష్ వేయించాలి, లేకపోతే పచ్చి చెక్క మళ్లీ తేమ పీల్చుకుంటుంది. ఒక్క వేలితో నెడితే పూర్తిగా మూసుకునే తలుపు అయితేనే నంబరు తాళం జోలికి వెళ్లు.

తరువాత కొలతలు. తలుపు మందం ఎన్ని మిల్లీమీటర్లో చూసి, తాళం పెట్టె మీద రాసిన హద్దుల్లో అది ఉందో లేదో సరిచూసుకో. పాత తలుపులకు నేను గడియ ఒక్కటే ఉండే డెడ్‌బోల్ట్ రకాన్నే మేలంటాను. పెద్ద హ్యాండిల్‌తో వచ్చే మార్టిస్ రకానికి తలుపు అంచులో లోతైన గూడు తొలవాలి, దానితో ఆ నిలువు చెక్క బలం తగ్గుతుంది. డెడ్‌బోల్ట్‌కు సాధారణంగా 54 మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రం కావాలి. దాని మధ్య బిందువు తలుపు అంచు నుంచి 60 లేదా 70 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. మీ తలుపు మీద చెక్కడం ఉన్న చోట తాళం పలక సమంగా కూర్చోదు కనుక, నున్నగా ఉన్న భాగం అంత వెడల్పు ఉందో లేదో టేపు పెట్టి చూడు.

తాళంతో వచ్చిన కాగితపు నమూనాను తలుపుకు అంటించి, మేకు మొనతో గుర్తులు పెట్టాకే డ్రిల్లు పట్టమని వడ్రంగికి చెప్పు. ఒక వైపు నుంచే తొలుచుకుంటూ పోతే అవతలి వైపు చెక్క పేళ్లుగా లేచిపోతుంది. డ్రిల్లు బిళ్ల మధ్యలో ఉండే మొన అవతల కనబడగానే ఆపి, మిగిలినది రెండో వైపు నుంచి తొలవాలి. ద్వారబంధంలో రంధ్రం ఎక్కడ పడాలో తెలియడానికి నేను చేసే పని చెబుతాను: గడియ కొసకు తడిపిన కుంకుమ కొద్దిగా రాసి, తలుపు మూసి, గడియను చేత్తో ముందుకు తిప్పితే సరిగ్గా ఎక్కడ తగిలిందో అక్కడ ఎర్రటి చుక్క పడుతుంది. ఆ చుక్క దగ్గరే తొలిపించు. లోతు విషయంలో మాత్రం పిసినారితనం వద్దు, గడియ పూర్తిగా బయటికి వచ్చాక ఇంకా కాస్త ఖాళీ మిగలాలి. ఆ చోట బిగించే ఇత్తడి పలకకు పొట్టి స్క్రూలు వేస్తే ఒక్క తన్నుకు ఊడివస్తాయి, పొడవాటివే వేయించు.

బయటి పలకనూ లోపలి పెట్టెనూ కలిపే సన్నని వైరు గడియ కింద నుంచి పోతుందో, పై నుంచి పోతుందో తాళంతో వచ్చిన సూచనల కాగితంలో చూసి అలాగే పోనివ్వాలి. పలక కింద నలిగితే తాళం మొత్తం పనికిరాకుండా పోతుంది. చివరి స్క్రూలు డ్రిల్లుతో కాక చేతి స్క్రూడ్రైవరుతోనే బిగించాలి. ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది, పరీక్షలన్నీ తలుపు తెరిచి ఉంచే చేయాలి. గడియ గాలిలో పదిసార్లు సవ్యంగా వచ్చి వెళ్లాకే తలుపు మూసి చూడు.

కరెంటు పోతే ఎలా అని మీ నాన్న అడిగాడు. ఇవి బ్యాటరీలతో నడుస్తాయి కనుక ఆ భయం లేదు. మంచి ఆల్కలైన్ బ్యాటరీలే వేయాలి, పాతవీ కొత్తవీ కలపకూడదు. బ్యాటరీలు పూర్తిగా అయిపోతే బయటి నుంచి 9 వోల్టుల బ్యాటరీ ఆనించడానికో, పవర్ బ్యాంకు తగిలించడానికో వీలున్నది, దానితోపాటు మామూలు తాళంచెవి కూడా ఉన్నది కొను. ఆ చెవిని ఇంట్లో దాచితే ప్రయోజనం లేదు, మీ అత్తయ్య ఇంట్లో ఉంచు.

కంపెనీ పెట్టిన నంబరును మొదటి రోజే మార్చాలి. పుట్టిన సంవత్సరమూ, బండి నంబరూ వద్దు. అస్తమానం నొక్కే అంకెల మీద వేలి జిడ్డు మిగిలిపోతుంది; అలా 4 అంకెలు బయటపడితే, 4 అంకెల నంబరుకు ఇక 24 వరుసలే మిగులుతాయి. అందుకే 6 అంకెలది పెట్టి, మెత్తటి పొడి గుడ్డతో అప్పుడప్పుడు తుడవమని చెప్పు. పనిమనిషికి వేరే నంబరు ఇవ్వండి, ఆమె మానేస్తే అదొక్కటే తీసేయవచ్చు. నంబరు నీ ఫోనులో నుంచి పెట్టి ఊరుకోకుండా, మీ అమ్మ చేతనే నొక్కించి, కళ్లజోడు లేకుండా కూడా ఆమెకు అంకెలు కనబడుతున్నాయో లేదో చూడు.

శుక్రవారం గడప కడిగి పసుపు రాసేటప్పుడు చెంబుతో నీళ్లు తలుపు మీదికి చల్లే అలవాటు మీ ఇంట్లో ఉంది. ఆ జల్లు తాళం మీద పడకూడదని అమ్మకు నెమ్మదిగా చెప్పు. రాత్రి లోపల పై గడియ వేసుకుంటే బయట నంబరు నొక్కినా తలుపు రాదు కనుక, ఒంట్లో బాగాలేని రోజున దానిని వేయవద్దని నాన్నకూ చెప్పు.

తలుపు మందమూ, నున్నటి భాగం వెడల్పూ కొలిచి నాకు తెలియజేయి. తలుపు కుడి వైపుకు తెరుచుకుంటుందో ఎడమ వైపుకో కూడా రాయి. తాళం డబ్బులు కట్టడం ఆ తరువాత.

మీ పెదనాన్న